దారం తెలిసిన దానియేలు సారు

గత మంగళవారం మధ్యాహ్నం, పాఠం మధ్యలో ఉండగా, దేవరకొండ నుంచి వచ్చిన బస్సు కండక్టరు బడి దాకా నడిచివచ్చి, లెక్కల సారు దానియేలు గారు ఆ ఉదయం నల్లగొండ దవాఖానలో కాలం చేశారని చెప్పి వెళ్లాడు. నేను నమ్మలేదు. కామెర్లని దవాఖానకు పోయిన మనిషి, పది రోజుల్లో వస్తానని నాతో స్వయంగా చెప్పిన మనిషి, ఎట్లా పోతాడు? ఆ పేరు గలవాళ్లు జిల్లాలో ఎందరో ఉంటారు, కండక్టరు పొరబడి ఉంటాడని నాకు నేనే చెప్పుకొని పద్యానికి ప్రతిపదార్థం పూర్తి చేశాను. సాయంకాలం డిండి ప్రాజెక్టు కట్ట మీదుగా జీపు ఒకటి మెల్లగా దిగివచ్చింది. దాని వెనుక భాగంలో పేటిక, పేటిక పక్కన తల మీద కొంగు కప్పుకొన్న ఆయన భార్య మరియమ్మ గారు కనిపించారు. అప్పుడు గాని నా సందేహం నన్ను విడువలేదు.

ఆయనను గురించి నాలుగు మాటలు రాయమని బడి వారు నన్ను కోరారు. పద్నాలుగేళ్లు పక్క తరగతిలో పాఠం చెప్పినవాణ్ణి, తెలుగు పండితుణ్ణి, కాబట్టి నేనే రాయాలన్నారు. నిజానికి ఆయన గుణకీర్తనకు నాకంటే అనర్హుడు ఈ ఊళ్లో లేడు. ఎందువల్లనో దాచకుండా చెప్పడమే ఆ మహనీయునికి నేను సమర్పించగల నివాళి.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొద్ది కాలానికే ఆయన డిండి పక్కనున్న మా బడికి బదిలీ మీద వచ్చారు. సన్నని మనిషి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తక్కువ మాట. వెంట ఒక ట్రంకు పెట్టె, పుస్తకాల మూట, గుడ్డ సంచిలో చుట్టిన పొడవైన వస్తువు ఒకటి. ఆ సంచిలో ఏముందో తెలిసేదాకా నాకు అన్నం సయించలేదు. పాలమూరు దిక్కు కోస్గి దగ్గర ఆయన జన్మస్థలం. తండ్రి తరతరాలుగా సెంటు భూమి లేని ఇంట పుట్టి, అక్కడి మిషన్ దవాఖానలో తోట పని చేసేవాడు. కొడుకును చదివించి ఉపాధ్యాయుణ్ణి చేశాడు. ఇవన్నీ తరువాత తెలిశాయి. నాకు మొదట తెలిసింది ఆయన కులం, మతం. వాటిని పట్టుకొనే నేను ఆయనను అంచనా వేశాను.

సంచిలో ఉన్నది గాలం కర్ర. దానికి తగిలించే ఒక చిన్న యంత్రం తోలు తిత్తిలో వేరుగా ఉండేది. ఇత్తడిది, పిడికిట్లో ఇమిడేది. నడుమ దారం చుట్టుకొనే కండె, ఒక పక్క తిప్పే పిడి, మరో పక్క బిగించడానికీ వదులు చేయడానికీ చిన్న మర. ఊరివాళ్లు దాన్ని గిరక అన్నారు. మా వైపు గాలమంటే వెదురు కర్ర, దారం, బెండు. విసిరితే పది అడుగుల దూరం. ఆదివారం ప్రార్థన అయిపోగానే దానియేలు గారు కట్ట మీద నిలబడి గిరకతో విసిరితే, సీసపు గుండు యాభై గజాల అవతల నీళ్లలో చప్పుడు లేకుండా దిగేది. బెస్తవాళ్లు వలలు పక్కన పెట్టి చూసేవారు. వాళ్ల పెద్ద మల్లయ్య మాత్రం ఆ చూపులో ఆశ్చర్యానికి బదులు అసహనం చూపేవాడు. తమ నీళ్లలో తమకు అంతుపట్టని పనిముట్టుతో ఈ మనిషి ఏమి చేస్తున్నాడని అతని అనుమానం. నాదీ అదే అనుమానం. నెల జీతం మీద బతికే బడిపంతులుకు ఆ దొరల వస్తువు ఎక్కడిది?

ఒకనాడు అడిగాను. దవాఖాన దొర స్వదేశానికి పోతూ తన తండ్రికి ఇచ్చిపోయాడని చెప్పారు. నేను తల ఊపాను గాని నమ్మలేదు. ఆయన ఆ సంగతి గ్రహించారో ఏమో, గిరక నా చేతికిచ్చి దాని గుట్టు వివరించారు. విసిరినప్పుడు గుండు దారాన్ని లాక్కుపోతుంది, కండె గిర్రున తిరుగుతుంది. గుండు గాలిలో నెమ్మదించినా కండె నెమ్మదించదు. అప్పుడు విప్పుకొన్న దారం పోయే దారి లేక లోపలనే ఉబ్బి, ఒకదానిలో ఒకటి దూరి, విడదీయరాని చిక్కు పడుతుంది. మర బిగింపు, బొటనవేలి అదుపు, దారం ఎంపిక, ఈ మూడూ ఆ చిక్కు రాకుండా చూడటానికే. చిన్నప్పుడు మొదటిసారి చిక్కు పడితే తాను కత్తి తీశాడట. తండ్రి చెయ్యి పట్టుకొని ఆపి, "కొయ్యకు బిడ్డా. ఏడ మొదలైందో చూడు" అన్నాడట. రెండు రోజులు కూర్చొని విప్పానని, లెక్కలు ఎట్లా చెయ్యాలో తనకు అప్పుడే తెలిసిందని దానియేలు గారు చెప్పారు.

ఆయన కూడా అనుమానపు మనిషే. ఈ మాట వింటే ఆయనను మంచివాడుగా మాత్రమే ఎరిగినవారు నొచ్చుకోవచ్చు. కాని పిల్లవాడు సరైన జవాబు చెప్పినా వెనక్కి లెక్క కట్టించి చూసేవారు. బస్సు బయలుదేరే వేళ ఇద్దరిని అడిగేవారు. దారం విషయంలో ఆ గుణం పరాకాష్ఠకు చేరేది. ఒక వేసవిలో జవాబు పత్రాలు దిద్దడానికి మేమిద్దరం హైదరాబాదు వెళ్లాం. పని ముగిశాక, ఒక చోటికి పోయి వస్తానని ఆయన ఒంటరిగా బయలుదేరారు. అప్పటికే మా ప్రాజెక్టు నీళ్లలో ఎవరో మందుగుండు తూటాలు పేల్చి చేపలను చంపుతున్నారు. తెల్లవారేసరికి రవ్వ, బొచ్చె చేపలు పొట్టలు పైకి తేలి కనబడేవి. ఈ మనిషి తూటాలు అమ్మేవాడి దగ్గరికే పోతున్నాడని నా మనస్సు నాకు చెప్పింది. ముప్పై అడుగులు వెనుకగా, గొడుగు చాటు చేసుకొని, నేను ఆయనను వెంబడించాను. ఈ వాక్యం రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆయన వెళ్లింది చేపల సామాన్లు అమ్మే చిన్న దుకాణానికి. ఎదుటి చాయ్ హోటలు గుమ్మంలో నిలబడి అంతా చూశాను. అప్పుడప్పుడే వస్తున్న నైలాను దారపు ఉండలు నాలుగు తీయించారు. ఒక్కొక్కదాన్ని మూరెడు మూరెడు విప్పి వేళ్ల మధ్య లాగారు. గరుకు తగులుతుందేమోనని పెదవి మీద నుంచి జార్చారు. ముడి వేసి గుంజారు. వదిలితే మెలికలు చుట్టుకొంటున్నదో లేదో చూశారు. సన్నది నున్నగానే ఉంది గాని బరువు తగిలితే కండె మీది పొరల మధ్యకు దిగబడి ఇరుక్కుంటుంది. లావుది గట్టిదే గాని దూరం పోదు. ఆ వివరాలు తిరుగు ప్రయాణంలో నాకు తామే చెప్పారు. ఒక ఉండలో సగం దాకా వెళ్లాక ఏదో తగిలిందని పక్కన పెట్టేసరికి దుకాణదారుకు విసుగు పుట్టింది.

"మా మీద భరోసా లేదా సారు" అన్నాడు.

"నీ మీద ఉన్నది సేఠూ. దారం నాకు ఇంక తెల్వది గద" అన్నారు దానియేలు గారు.

చివరకు మధ్యరకం ఒకటి కొన్నారు. కొన్నారు గాని దాని మీదా పూర్తిగా నమ్మకం కలగలేదట, పెట్టెలో పెట్టి ఉంచారు. పాత పట్టుదారాన్నే ప్రతి వారం ఎండలో ఆరబెట్టుకొని వాడుతూ వచ్చారు. నేను కళ్లారా చూశాను కదా, అక్కడితో నా శంక తీరాలి. తీరలేదు. ఆ దుకాణం పైకి కనిపించే వేషమేనని, అసలు బేరం లోపల జరిగి ఉంటుందని అనుకున్నాను. అనుమానించేవాడికి సాక్ష్యం ఎప్పుడూ అడ్డు రాదని నా అనుభవం.

ఆ శ్రావణంలో తూటాలు మరీ ఎక్కువయ్యాయి. బెస్తవాళ్ల వలల్లో చేప పడటం లేదు, ఇళ్లలో పొయ్యి వెలగడం లేదు. మల్లయ్య, మరి నలుగురు నా దగ్గరికి వచ్చి అర్జీ రాసిపెట్టమన్నారు. లెక్కల సారు ఒంటరిగా కట్ట మీద తిరుగుతాడు, దొరల యంత్రం వాడుతాడు, ఏ మందు చల్లుతాడో ఏ తూటా వేస్తాడో ఎవరికెరుక అన్నారు. మీరు చూశారా అని నేను అడగలేదు. లెక్కల సారైతే అడిగి ఉండేవారు. నేను ఆ రోజు గొప్ప వచనం రాశాను. 'సదరు వ్యక్తి యొక్క ప్రవర్తన సర్వదా శంకాస్పదమై యున్నది' అని రాసి, చదివి వినిపించి, వాళ్లు చేతులు జోడిస్తే సంతోషించాను. కింద వాళ్ల వేలిముద్రలు పడ్డాయి. నా పేరు పడలేదు.

మూడో రోజు పోలీసు చౌకీ నుంచి జమేదారు బడికి వచ్చి దానియేలు గారిని తీసుకుపోయాడు. సాయంత్రానికి వదిలిపెట్టాడు గాని గిరకను ఉంచుకొన్నాడు. విచారణ అయ్యేదాకా కట్ట ఎక్కవద్దని హెడ్మాస్టరు కూడా చెప్పారు. దానియేలు గారు సరే అన్నారు. అర్జీ ఎవరు పెట్టారని అడగలేదు. మరునాటి నుంచి సుద్దముక్క నాకు అందించేటప్పుడు ఆయన చెయ్యి ఎప్పటిలాగే ఉంది. ఆ ఎప్పటిలాగే ఉండటం నన్ను భయపెట్టింది. ఏదో మనసులో పెట్టుకొని కాచుకొని ఉన్నాడనుకున్నాను.

పది రోజులకు, పట్టపగలు, మేమిద్దరం పక్కపక్క గదుల్లో పాఠాలు చెబుతుండగా నీళ్ల వైపు నుంచి దబ్బున శబ్దం వచ్చింది. కిటికీలు అదిరాయి. గోడకు అవతల దానియేలు గారు కోణాల మొత్తం గురించి చెబుతున్న మాట నాకు స్పష్టంగా వినబడుతూనే ఉంది. ఆ క్షణంలో చౌకీకి పోయి నిజం చెప్పవలసినవాణ్ణి నేను. పోలేదు. ఆయనకు వేరే చోట మనుషులున్నారని, తాను బడిలో కనబడుతూ పని చేయిస్తున్నాడని అనుకున్నాను. నెలా రెండు నెలలకు రోడ్డు పనిలో బండలు పగలగొట్టే మనుషులిద్దరు తూటాలతో చేజిక్కారు. కాని అంతకు ముందే మత్తడి దగ్గర ఒక సంఘటన జరిగింది.

మూడు రోజుల ఎడతెగని వాన. ప్రాజెక్టు నిండి, ఎక్కువ నీరు పొర్లిపోయే మత్తడి దుంకుతోంది. మత్తడి కింద నీటికి ఎదురెక్కే చేపల కోసం మల్లయ్య, అతని కోడలు లచ్చమ్మ బుట్టలు కట్టడానికి వాగు నడుమనున్న బండ మీదికి పొద్దున్నే వెళ్లారు. వెళ్లేటప్పుడు మోకాలి లోతు. గంట తిరిగేసరికి రెండు వైపులా ప్రవాహం. బండ మీద నీరు చీలమండల దాకా వచ్చింది. ఊరంతా ఒడ్డున చేరింది. పుట్టి దించితే తిరగబడింది. ఈతగాళ్లు ఇద్దరు ప్రయత్నించి, దూరాన ఒడ్డుకు కొట్టుకొచ్చారు. మోకులున్నాయి, వాటిని అవతలికి చేర్చే దారి లేదు. రాయి కట్టి పురికొస విసిరితే సగం దూరం కూడా పోలేదు. బండ దాకా అరవై గజాలుంటుంది.

ఎవరో గిరక పేరెత్తారు. జమేదారు దాన్ని పరుగున తెప్పించాడు, దానియేలు గారు కూడా తన గాలం కర్రతో వచ్చారు. గిరకను చేతిలోకి తీసుకొని ఒకసారి తిప్పి చూశారు. జమేదారు సరదాకు విసిరి చూసినట్టుంది, మర పూర్తిగా వదులైపోయింది. పట్టుదారం చిక్కు పడి, చౌకీ చెమ్మకు మెత్తబడింది. రెండు వేళ్లతో గుంజితే తెగింది. ఆయన ఆ దారాన్నంతా ఒలిచి కింద పడవేసి, తన పెట్టెలో ఉన్న నైలాను ఉండ తెమ్మని ఇంటికి మనిషిని పంపారు.

ఉండ వచ్చింది. అప్పుడైనా విసురుతాడనుకుంటే ఆయన నేల మీద చతికిలబడ్డారు. కొత్త నైలాను బిరుసుగా ఉంటుంది, వదులుగా చుడితే కండె మీద నుంచి లేచి చిక్కుపడుతుంది, తడిగుడ్డ నడుమ నుంచి బిగువుగా లాగుతూ చుట్టాలి. ఉండ పట్టుకోవడానికి ఒకరు కావాలి. అక్కడ యాభై మంది ఉన్నారు. ఆయన తలెత్తి నన్ను చూశారు.

"పంతులుగారూ, జర గట్టిగ పట్టుండ్రి. జారనియ్యకుండ్రి."

తడిగుడ్డలో దారాన్ని బిగించి పట్టుకొన్నాను. ఆయన పొర మీద పొర సమంగా చుడుతున్నారు. చుట్టూ జనం రుసరుసలాడుతున్నారు. అర్జీ పెట్టిన మల్లయ్య మీద పగ తీర్చుకొంటున్నాడని, కావాలనే తాత్సారం చేస్తున్నాడని నా వెనుక ఒకరు అన్నారు. చెప్పక తప్పదు, నేనూ అదే అనుకున్నాను. దారం నా అరచేతిని కోస్తూ పోతుంటే, ఇంత నెమ్మది మంచితనం కాదనే అనుకున్నాను.

కండె అంచుకు రవ్వంత తక్కువగా నిండేసరికి ఆపారు. గాలం ముల్లు తీసేసి వట్టి సీసపు గుండు కట్టారు. కర్ర చివర గుండును వేలాడదీసి, బొటనవేలు తీసి, మర కొద్దికొద్దిగా తిప్పారు. గుండు ముందు దబ్బున పడింది. మరి కొంచెం బిగించారు. ఈసారి మెల్లగా దిగి నేలను తాకింది, తాకగానే కండె ఆగింది. ఎదురుగాలి ఉన్నందుకు ఇంకొక్క వెంట్రుకవాసి బిగించారు. అంతా అయ్యాక వాగు వైపు తిరగకుండా పొలం వైపు విసిరారు. జనం గొల్లుమన్నారు. ఆయన దారాన్ని తిరిగి చుట్టుకొంటూ, చిక్కు పడితే మళ్లీ చుట్టడానికి యాళ్ల లేదని, అందుకే ముందు చూసుకొన్నానని, వినేవాళ్లుంటే వినండన్నట్టు మెల్లగా చెప్పారు.

తరువాత వాగు వైపు తిరిగి విసిరారు. గుండు ఎదురుగాలిలో ఎత్తుగా పోయింది. కండె మీద ఆయన బొటనవేలు ఆనీ ఆననట్టు ఉంది. గుండు బండను దాటి అవతల పడింది, దారం బండ మీద అడ్డంగా పరుచుకొన్నది. మల్లయ్య దాన్ని చూశాడు. చెయ్యి చాపలేదు. విసిరినదెవరో అతనికి కనబడుతూనే ఉంది. ఆ మనిషి చేతిలోని దారాన్ని పట్టుకోవాలా వద్దా అని ఆ ప్రవాహం నడుమ కూడా అతడు తటపటాయించాడు. లచ్చమ్మ మామను పక్కకు నెట్టి వంగి పట్టుకొన్నది. ఒడ్డున దారం కొసకు పురికొస, పురికొసకు మోకు కట్టాం. ఆమె లాక్కొని మోకును బండ కొమ్ముకు చుట్టింది. ఈతగాళ్లు ఆ మోకు పట్టుకొని వెళ్లి ముందు ఆమెను, తరువాత ముసలాయనను ఒడ్డుకు తెచ్చారు.

మల్లయ్య ఒడ్డెక్కి దానియేలు గారి ముందు నిలబడ్డాడు. వణుకుతున్నాడు. "సారు, నీ మీద అర్జీ పెట్టిన్నేను" అన్నాడు. అంత మందిలో అన్నాడు. దానియేలు గారు తన తువ్వాల అతని భుజాల మీద కప్పి, ముందు ఇంటికి పోయి వేడి గంజి తాగమన్నారు. చదువు రాని మల్లయ్య గడియ తిరగకముందే చెప్పిన మాటను చెప్పడానికి, చదువుకొన్న నాకు ఐదేళ్లు పట్టింది.

ఆ ఐదేళ్లూ నేను ఆయన పక్కనే ఉన్నాను, ఆదివారాలు కట్ట మీద తోడుగా కూర్చున్నాను, లోపల అనుమానిస్తూనే ఉన్నాను. నా రాత గుర్తుపట్టాడా? పడితే ఎందుకు ఊరుకున్నాడు? ఒక సాయంత్రం ఆయన గిరక మరకు చుక్క నూనె వేస్తుంటే, ఇక భరించలేక, ఆ అర్జీ రాసింది నేనేనని చెప్పేశాను.

"ఎరుకే పంతులుగారు" అన్నారు ఆయన, తల ఎత్తకుండానే. "మీ అక్షరం పిల్లల కాపీలల్ల రోజు చూస్తున్న గద. జమేదారు చూపెట్టంగనే తెలిసింది."

"మరి ఇన్నేండ్లు ఎందుకు అడుగలేదు?"

"అడిగితే మీరు కాదంటరు. కాదంటే నేను నమ్మినట్టు ఉండాలె. ఇద్దరికి కష్టమైతుండె."

ఇంకొక ప్రశ్న నన్ను తొలుస్తున్నది. అది కూడా అడిగాను. మత్తడి దగ్గర అంత మందిలో దారం పట్టుకోవడానికి నన్నే ఎందుకు పిలిచారని. ఆయన నూనె బుడ్డి మూత పెట్టి, కొంచెం నవ్వారు.

"నా మీద అందరికన్న ఎక్కువ అనుమానం మీకే ఉండె. నేనేం జేస్తనో అని కన్ను తియ్యకుంట చూస్తుంటిరి. గట్లాంటి మనిషి దారం జారనియ్యడు."

మా ఇద్దరి స్వభావాల భేదం నాకు ఆ రోజే తెలిసింది. ఆయన అనుమానం వస్తే పరీక్షించేవారు. నేను అనుమానం వస్తే తీర్పు చెప్పేవాణ్ణి. ఆయన పరీక్షలో నా వంటి నాసిరకం వస్తువు కూడా ఒక పనికి నిలిచింది.

బుధవారం ఉదయం సమాధి కార్యం జరిగింది. పేటికను బెస్తవాళ్లు మోశారు. మల్లయ్య ముందు కొమ్ము పట్టాడు, లచ్చమ్మ వెనుక ఏడుస్తూ నడిచింది. అందరూ వెళ్లాక నేను మరియమ్మ గారి వెంట ఆ ఇంటికి వెళ్లాను. పద్నాలుగేళ్ల స్నేహంలో ఆ ఇంటి అరుగు దాటి నేను లోపలికి పోలేదు, అక్కడ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. నా ఆచారం అట్లాంటిది. ఆయన ఒక్కనాడూ రమ్మని బలవంతం చేయలేదు, రాలేదని చిన్నబుచ్చుకోలేదు. ఆ రోజు అరుగు మీద కూర్చొని, దాహంగా ఉంది, మంచినీళ్లు ఇమ్మని అడిగాను. మరియమ్మ గారు కదలలేదు. నా ముఖంలోకి అనుమానంగా చూశారు.

"మా ఇంట్లయా పంతులుగారు" అన్నారు.

"మీ ఇంట్లయే అమ్మా" అన్నాను.

ఆమె లోపలికి వెళ్లి తెచ్చి ఇచ్చారు. తాగాను. తాగి, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతిలోనే పట్టుకొని కూర్చున్నాను.

బడికి లెక్కలు చెప్పే మరొకరు వస్తారు, బహుశా బాగానే చెబుతారు. కట్ట మీద దూరం విసిరే వారు కూడా ఏనాటికైనా పుట్టవచ్చు. కాని నా చేతిరాతలో నా నీచత్వాన్ని చదివి, చదివిన తరువాత కూడా చివరిదాకా నా పక్కన కుర్చీ జరుపుకొని కూర్చున్న ఆ మనిషి స్థానం ఈ జన్మలో నాకు నిండదు. నీళ్లు తాగానన్న సంగతి ఆయనకు చెప్పాలని నిన్నటి నుంచి రెండుసార్లు పక్క తరగతి గుమ్మం దాకా వెళ్లి, తిరిగి వచ్చాను.